ఇంగ్లండ్ పల్లెటూరి పబ్బు, పెరట్లో కాచిన బీరు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్‌కి చదువుకో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లు, వాళ్లని చూడ్డానికి వచ్చే అమ్మానాన్నలు, అందరూ ఏదో ఒక రోజు ఒక పల్లెటూరి పబ్బులోకి అడుగు పెట్టకుండా ఉండరు. తాగేవాళ్లు, తాగనివాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే కాబట్టి అన్నీ ఒకచోట పెట్టేశాను. మధ్యమధ్యలో నా అభిప్రాయాలు కూడా దూరిపోతాయి, నచ్చకపోతే దాటేసి కింద ప్రశ్నకి వెళ్లిపోండి.

పబ్బు అంటే బారే కదా, దానికి చరిత్ర ఏంటి?

బారు వేరండీ. బారులో సరుకు ఎక్కడో ఫ్యాక్టరీ నుంచి వస్తుంది, ఇక్కడ అమ్ముతారు, అంతే. ఇంగ్లండ్ పల్లెల్లో పబ్బు మొదలైంది మాత్రం ఒక ఇంటి వంటగదిలో. ఆ ఇంట్లో తాగడానికి కాచుకున్న బీరు కాస్త మిగిలితే పక్కింటివాళ్లకి అమ్మేవాళ్లు. ఈ రోజు కొత్తగా కాచింది సిద్ధంగా ఉందని ఊరికి తెలియడానికి గుమ్మం ముందు ఒక పొడుగాటి కర్రకి ఆకుల మండో చీపురు లాంటి కట్టో కట్టి నిలబెట్టేవాళ్లు. అది కనిపిస్తే జనం వచ్చేవాళ్లు, బీరు అయిపోతే కర్ర దించేసేవాళ్లు. ఇప్పుడు పబ్బుల ముందు ఊగే బొమ్మల బోర్డులు అలాంటి గుర్తుల నుంచే వచ్చాయి. 1393లో రెండో రిచర్డ్ రాజు సత్రాలవాళ్లు బోర్డు పెట్టి తీరాలన్నాడు, ఎందుకంటే బీరు రుచి చూసి పాసు చేసే అధికారి ఒకడుండేవాడు, అతనికి ఏ ఇంట్లో అమ్ముతున్నారో తెలియాలి. ఆ రాజు చిహ్నం తెల్ల దుప్పి, అందుకే ‘వైట్ హార్ట్’ అనే పేరుతో పబ్బులు ఈ దేశంలో కుప్పలు తెప్పలుగా ఉన్నాయి.

ప్రభుత్వం కన్ను బీరు మీద అంతకంటే ముందే పడింది. 13వ శతాబ్దంలోనే రొట్టెకీ ఏలుకీ (ale, అప్పటి బీరు) ధర ఎంత ఉండాలో, ధాన్యం ధరని బట్టి లెక్కకట్టి చట్టం చేశారు.

మొదట్లో ఆడవాళ్లే కాచేవాళ్లంటారు, నిజమేనా?

నిజమే. పల్లెల్లో రొట్టె కాల్చడం, వెన్న తీయడం ఎలాగో బీరు కాచడం కూడా అలాగే ఇంటి ఆడవాళ్ల పని. మధ్యయుగాల గ్రామ కోర్టుల రికార్డుల్లో కొలత తక్కువ పోసినందుకో, అధికారికి రుచి చూపించకుండా అమ్మినందుకో జరిమానా కట్టిన ఆడవాళ్ల పేర్లు వరసగా కనిపిస్తాయి. జరిమానా అన్నది పేరుకే, చాలాచోట్ల అది లైసెన్సు ఫీజులా తయారైంది, ఏడాది పొడుగునా కడుతూనే ఉండేవాళ్లు, అమ్ముతూనే ఉండేవాళ్లు.

హాప్స్ వచ్చాక పరిస్థితి మారింది. బీరు నిలవ ఉండటం, దూరాలకి పంపడం, పెద్ద గంగాళాలు, పెట్టుబడి, సంఘాలు అన్నీ వచ్చేసరికి ఆ పని మెల్లగా మగవాళ్ల చేతుల్లోకి పోయింది. డబ్బు రావడం మొదలయ్యాక ఆడవాళ్ల పని మగవాళ్ల వృత్తి అయిపోవడం ఇక్కడొక్కచోటే జరిగిన సంగతి కాదు కదా.

ఆ హాప్స్ అంటే ఏంటి? ఏలు, బీరు వేరువేరా?

హాప్స్ ఒక తీగ. దాని ఆడ పువ్వులు పచ్చగా, పొరలు పొరలుగా, చిన్న కాయల్లా ఉంటాయి. వేళ్ల మధ్య నలిపితే లోపల పసుపు పొడి లాంటిది కనిపిస్తుంది, జిగటగా అంటుకుంటుంది, వాసన గుప్పుమంటుంది. చేదు ఆ పొడిలోనే ఉంటుంది. బీరుని తొందరగా పాడవకుండా కాపాడేదీ అదే.

ఇంగ్లండ్‌లో పాతకాలపు ఏలులో హాప్స్ ఉండేవి కావు, అడవి మూలికలేవో వేసేవాళ్లు, లేదా ఏమీ వేసేవాళ్లు కాదు. 15వ శతాబ్దంలో డచ్చి, ఫ్లెమిష్ ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లు హాప్స్ వేసిన బీరు తెచ్చారు. చాలాకాలం రెండూ వేరు సరుకులు, కాచేవాళ్లు కూడా వేరు. తర్వాత హాప్స్ గెలిచింది. ఇప్పుడు ఏలు అంటే వేరే అర్థం: గది వేడి దగ్గర్లో, పైకి తేలే ఈస్టుతో పులిసినది. మన దగ్గర దొరికే కింగ్‌ఫిషర్ లాంటివి లాగర్లు, చల్లగా నెమ్మదిగా పులిసేవి.

అప్పట్లో నీళ్లు బాగుండక అందరూ బీరే తాగేవాళ్లట కదా?

ఇది టూర్ గైడ్లందరూ చెప్పే మాట, కానీ మరీ అతిశయోక్తి. బావులు, ఊటలు ఉన్న పల్లెల్లో జనం నీళ్లు హాయిగా తాగేవాళ్లు. బీరు తాగింది ఎక్కువగా తిండి కోసం. పొలంలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒళ్లు వంచేవాడికి అది కడుపు నింపేది. అదే గింజల్లో రెండోసారి వేడినీళ్లు పోసి తీసిన పలచటి బీరు పిల్లలూ పనివాళ్లూ కూడా తాగేవాళ్లు, దాంతో నిషా ఎక్కేది కాదు. కోతల కాలంలో కూలిలో కొంత భాగం బీరు రూపంలోనే ఇచ్చేవాళ్లు, 1887లో చట్టం చేస్తేగానీ అది ఆగలేదు.

సరే, అసలు ఎలా కాస్తారు?

పల్లె పబ్బు వెనక కాచినా, పెద్ద ఫ్యాక్టరీలో కాచినా పద్ధతి ఒకటే, తేడా అంతా ఓపికలోనూ పాత్రల సైజులోనూ. మొలకెత్తించి, వేడిగాలికి ఎండబెట్టిన బార్లీని (దీన్నే మాల్ట్ అంటారు) బరకగా పగలగొడతారు. పిండి చేయకూడదు, పైపొట్టు నిలవాలి, ఎందుకంటే తర్వాత వడకట్టే జల్లెడలా పనికొచ్చేది ఆ పొట్టే. దాన్ని సుమారు 65 డిగ్రీల వేడినీళ్లలో గంటకు పైగా నానబెడితే మొలకల్లోని ఎంజైములు గింజలోని పిండిని చక్కెరగా మార్చేస్తాయి. ఇక్కడ నాలుగు డిగ్రీలు అటూ ఇటూ అయితే బీరు స్వభావమే మారిపోతుంది, థర్మామీటరు లేని రోజుల్లో కాచేవాళ్లు వేలు ముంచో, నీళ్ల మీద ఆవిరి తెరుచుకుని మొహం కనిపించేదాకా ఆగో అంచనా వేసేవాళ్లు. ఆ తీపి నీళ్లని కిందికి దించి, గంగాళంలో హాప్స్ వేసి గంటా గంటన్నర మరిగించి, చల్లార్చి, ఈస్టు కలుపుతారు. మూడునాలుగు రోజుల్లో పైన మందంగా, మీగడ రంగు నురగ కడుతుంది. అందులోంచి కొంత ఈస్టు తీసి దాచి తర్వాతి కాపుకి వాడతారు, అచ్చం పెరుగుకి తోడు ఉంచుకున్నట్టే. కొన్ని బ్రూవరీల ఈస్టు ఇలా దశాబ్దాల తరబడి నడుస్తూ వస్తోంది. వాళ్ల బీరు రుచి రహస్యం చాలామటుకు అందులోనే ఉంది, కాబట్టి దాన్ని ప్రాణంలా చూసుకుంటారు.

మిగిలిన పిప్పి పశువుల దాణాకి పోతుంది. ఎక్కువైన ఈస్టు సంగతి చెప్తే నవ్వొస్తుంది: బర్టన్ ఊళ్లో 1902లో ఆ మిగులు ఈస్టుతోనే మార్మైట్ తయారీ మొదలుపెట్టారు. బ్రెడ్డు మీద రాసుకునే ఆ నల్లటి ఉప్పటి పదార్థమే. నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు.

కొన్ని పబ్బుల వెనక అంత ఎత్తు మేడ ఎందుకుంటుంది?

కరెంటు పంపులు లేనప్పుడు నీళ్లని, గింజల్ని ఒక్కసారి పైకి చేరిస్తే మిగతా పని భూమ్యాకర్షణ చూసుకుంటుందని. పై అంతస్తులో నీళ్ల తొట్టె, మర, దాని కింద నానబెట్టే తొట్టె, ఇంకా కింద గంగాళం, ఆ కింద పులియబెట్టే తొట్లు, అట్టడుగున పీపాలు. ఒక్కో మెట్టూ దిగుతూ బీరు తయారవుతుంది.

దీన్ని చూడాలంటే నా ఓటు ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని హుక్ నార్టన్‌కి. అది నిజంగా పల్లెటూరే. 1849లో జాన్ హారిస్ అనే ఆయన అక్కడ ఒక పొలంలో కాచడం మొదలుపెట్టాడు. ఇప్పుడు కనిపించే ఆరంతస్తుల మేడని విలియం బ్రాడ్‌ఫర్డ్ అనే వాస్తుశిల్పి డిజైన్ చేస్తే 1900 నాటికి పూర్తయింది. ఇటుక, ఆ ప్రాంతపు ఎర్రటి ఇనుపరాయి, చెక్క, పెంకు అన్నీ కలిపి కట్టిన వింత ఆకారం, దూరం నుంచి చూస్తే ఎవరో మనసు మార్చుకుంటూ మార్చుకుంటూ కట్టారేమో అనిపిస్తుంది. లోపల 1899 నాటి ఆవిరి యంత్రం ఉంది, అది 2006 దాకా మామూలుగా పనిచేస్తూనే వచ్చింది. సందు చివర పేర్ ట్రీ అనే పబ్బు, ఊళ్లోని పబ్బులకి పీపాలు మోసే షైర్ గుర్రాల బండి. ఆ గుర్రాల్ని దగ్గరగా చూస్తేగానీ ఎంత పెద్దవో అర్థం కాదు, పిల్లలు ఉంటే బీరు సంగతి మర్చిపోయి వాటి దగ్గరే ఉండిపోతారు.

మరి పబ్బులు సొంతంగా కాచుకోవడం ఎందుకు మానేశాయి?

ఒక్క కారణం కాదు. 1830లో ఒక చట్టం వచ్చింది, రెండు గినీలు కడితే ఎవరైనా ఇంట్లోనే బీరు కాచి అమ్ముకోవచ్చు. జనాన్ని జిన్ను నుంచి మళ్లించాలని ప్రభుత్వం ఆలోచన. వీధివీధికీ బీరు ఇళ్లు పుట్టుకొచ్చాయి, కానీ చాలామందికి కాచే సామానూ లేదు, ఓపికా లేదు, దగ్గర్లోని బ్రూవరీ దగ్గర అప్పు మీద పీపాలు తెచ్చుకున్నారు. అప్పు పెరిగితే ఇల్లు బ్రూవరీది అయ్యేది.

రైళ్లు వచ్చి బర్టన్ బీరుని దేశమంతా మోశాయి. 1880లో పన్ను పద్ధతి మార్చారు, మాల్ట్ మీద పన్ను తీసేసి, కాచిన తీపి నీటి చిక్కదనం మీద వేశారు, లెక్కలూ తనిఖీలూ చిన్నవాళ్లకి తలనొప్పిగా మారాయి. 1886లో గిన్నిస్ కంపెనీ షేర్లు అమ్మకానికి పెడితే జనం ఎగబడ్డారు. అది చూసి మిగతా బ్రూవరీలు కూడా షేర్లు అమ్మి, ఆ డబ్బుతో పోటీలు పడి పబ్బులు కొనేశాయి. కొన్న పబ్బులో తమ బీరు తప్ప ఇంకోటి అమ్మనివ్వరు. అద్దెకి నడిపేవాడు వెనక గంగాళం ఎందుకు వెలిగిస్తాడు? పెరట్లోని బ్రూహౌసులు బొగ్గుల కొట్లు అయ్యాయి, తర్వాత గుర్రాలశాలలు, ఇప్పుడు కొన్నిచోట్ల అవే టాయిలెట్లు. నన్నడిగితే ఈ కథలో అసలు విలన్ లాగర్ కాదు, ఈ కట్టుబడి పద్ధతే.

చివరికి నాలుగే మిగిలాయంటారు, ఆ నాలుగు ఏవి?

1970ల మొదట్లో తమ బీరు తామే కాచుకుంటున్న పాత పబ్బులు దేశం మొత్తంలో నాలుగే మిగిలాయి. కార్న్‌వాల్‌లోని హెల్‌స్టన్‌లో బ్లూ యాంకర్. ష్రాప్‌షైర్‌లోని బిషప్స్ కాజిల్‌లో త్రీ టన్స్. అదే కౌంటీలో మేడ్లీలో ఆల్ నేషన్స్. డడ్లీ దగ్గర నెథర్టన్‌లో ఓల్డ్ స్వాన్.

బ్లూ యాంకర్ గడ్డి కప్పున్న రాతి ఇల్లు, లోపల గదులు ఇరుకు, నేల రాతి పలకలు. ఒకప్పుడు అది క్రైస్తవ సన్యాసుల బస అని చెప్పుకుంటారు. వెనకే కాస్తారు, ఆ బీరుని స్పింగో అంటారు. మామూలు పబ్బు బీరు కంటే ఘాటు, రెండు పైంట్లు తాగి లేచి నిలబడితే గానీ తెలియదు. మే 8న ఆ ఊళ్లో ఫ్లోరా డే, పొద్దుటి నుంచి వీధుల్లోనూ ఇళ్ల గుండానూ జంటలు జంటలుగా నాట్యం చేసుకుంటూ పోతారు, ఆ రోజు పబ్బులోకి అడుగు పెట్టే సందు కూడా ఉండదు.

ఓల్డ్ స్వాన్‌ని అక్కడివాళ్లు ఆ పేరుతో పిలవరు, ‘మా పార్డోస్’ అంటారు (ఇంగ్లిష్‌లో ‘మా’ అంటే అమ్మ). డోరిస్ పార్డో అనే ఆవిడ 1930ల నుంచి 1984లో చనిపోయేదాకా ఆ పబ్బు నడిపింది. లోపల తల ఎత్తి చూడండి, పైకప్పుకి ఎనామెల్ రేకులు, మధ్యలో హంస బొమ్మ. బీరు కాచడం ఆడవాళ్ల చేతుల్లోంచి పోయిందని పైన రాశాను కదా, చివరి నాలుగింటిలో ఒకటి నిలబడింది మాత్రం ఒక ఆడమనిషి పట్టుదల వల్లే. నాకు ఈ నాలుగింటిలో ఇష్టమైనది ఇదే.

త్రీ టన్స్ ఏటవాలు వీధిలో ఉంటుంది, పక్కనే చిన్న విక్టోరియా కాలపు టవరు. రాబర్ట్స్ కుటుంబం 1976 దాకా నడిపింది. ఆల్ నేషన్స్ వీటన్నిటికంటే సాదాసీదా, 1830లలో మొదలైంది, ఆడంబరం ఏమీ ఉండదు.

త్రీ టన్స్ బోర్డు మీద 1642 అని ఉంటుంది. నమ్మొచ్చా?

1642లో లైసెన్సు వచ్చిందని వాళ్లు చెప్తారు, అందుకే దేశంలోకెల్లా పాత లైసెన్సున్న బ్రూవరీ తమదే అంటారు. కానీ మీ కంటి ముందున్న టవరు 19వ శతాబ్దం చివరిది. పబ్బుల పాతదనం విషయంలో చూడాల్సింది అదే: లైసెన్సు ఎప్పటిది, గోడలు ఎప్పటివి, కాచే పాత్రలు ఎప్పటివి, మధ్యలో ఎన్నాళ్లు ఆగింది? ఈ నాలుగూ ఒకే తేదీ ఉన్న పబ్బు దాదాపు దొరకదు. ‘ఇంగ్లండ్‌లోకెల్లా పాత పబ్బు’ అని బోర్డు పెట్టుకున్నవి బోలెడు ఉన్నాయి, అన్నీ నిజం కావడం కుదరదు కదా.

తర్వాత మళ్లీ ఎలా పుంజుకుంది?

1960లలో పెద్ద కంపెనీలు వడపోసి, వేడిచేసి ఈస్టుని చంపి, గ్యాసు నింపిన కెగ్ బీరుని దేశమంతా రుద్దాయి. పాడవదు, ఎవడైనా పోయొచ్చు, రుచి మాత్రం అంతంతే. 1971లో ఐర్లండ్‌లోని కెర్రీ ప్రాంతానికి సెలవులకి వెళ్లిన నలుగురు ఇంగ్లిష్ కుర్రాళ్లు అక్కడి పబ్బులో కూర్చుని దీని మీద ఒక ఉద్యమం పెట్టాలనుకున్నారు. అదే కామ్రా (CAMRA), అంటే అసలైన ఏలు కోసం ఉద్యమం. తాగుబోతుల సరదాగా మొదలైనా, తర్వాత పార్లమెంటు కూడా వినాల్సి వచ్చినంత పెద్దదైంది. 1989లో వేల పబ్బులున్న పెద్ద బ్రూవరీలు కొన్నింటిని వదులుకోవాలని ఆదేశాలొచ్చాయి (అవి పోయి ఆస్తుల కంపెనీల చేతిలో పడ్డాయి, అదో బాధ), 2002లో చిన్న బ్రూవరీలకి పన్ను తగ్గించారు. ఈ రెండోది నిజంగా పనిచేసింది, ఆ తర్వాతే షెడ్లలో, పాత పశువుల కొట్టాల్లో కొత్త గంగాళాలు లేచాయి.

ఊరే కలిసి పబ్బు కొనుక్కున్న కథ ఒకటి విన్నాను?

హెస్కెట్ న్యూమార్కెట్. లేక్ డిస్ట్రిక్ట్ ఉత్తరపు అంచున కంబ్రియాలో చిన్న ఊరు. అక్కడ ఓల్డ్ క్రౌన్ అనే పబ్బు వెనక పాత కొట్టంలో 1988లో బీరు కాచడం మొదలైంది. బీర్లకి చుట్టుపక్కల కొండల పేర్లు: స్కిడా, బ్లెంకాత్రా అని. బ్రూవరీ యజమాని రిటైర్ అవుదామనుకున్నప్పుడు, బయటివాళ్లు కొంటే ఏమవుతుందోనని ఊళ్లోవాళ్లు, చుట్టుపక్కలవాళ్లు తలా కొంత వేసుకుని 1999లో దాన్ని సహకార సంఘంగా కొనేశారు. 2003లో పబ్బుకీ అదే గతి పట్టబోతే దాన్నీ కొనేశారు, బ్రిటన్‌లో సహకార పద్ధతిలో నడిచిన తొలి పబ్బుల్లో అదొకటి. పర్వతారోహకుడు క్రిస్ బోనింగ్టన్ ఉండేది ఆ పక్కనే, ఆయనా సభ్యుడే. లాభాల కోసం ఎవరూ డబ్బు పెట్టలేదు. సాయంత్రం వెళ్లి కూర్చోడానికి ఊళ్లో ఒక చోటు ఉండాలి, అంతే వాళ్ల లెక్క. పాల సొసైటీలు చూసిన మనకి ఇది అర్థం కాకపోవడం ఉండదు.

బీరు వెచ్చగా ఎందుకిస్తారు? ఫ్రిజ్ లేదా?

వెచ్చగా కాదు, 11 నుంచి 13 డిగ్రీలు. నేలమాళిగ చల్లదనం. పీపాలో ఈస్టు ఇంకా బతికే ఉంటుంది, అక్కడే ఇంకాస్త పులుస్తుంది, మరీ చల్లగా చేస్తే నిద్రపోతుంది, రుచి కూడా నాలిక్కి అందదు. వీలైతే ఎవరైనా యజమానిని అడిగి కింద చూడండి. పీపా అడ్డంగా పడుకుని ఉంటుంది. పైన రంధ్రంలో ముందు మెత్తటి చెక్క చీల కొడతారు, గ్యాసు దానిగుండా బుసబుసమని బయటికొస్తుంది, చీల చుట్టూ నురగ పొంగుతుంది. అది ఎంతసేపు పొంగుతోంది, ఎంత తొందరగా తగ్గుతోంది అన్నదాన్ని బట్టి బీరు సిద్ధమైందో లేదో తెలుస్తుంది. తగ్గాక గట్టి చీల వేసి మూసేస్తారు. తర్వాత చెక్క సుత్తితో ఒక్క దెబ్బలో కుళాయి దిగ్గొట్టాలి, తడబడితే బీరు మొహం మీదికే. తెరిచిన పీపా మూడు రోజుల్లో అయిపోవాలి, గాలి తగిలాక పులుపెక్కిపోతుంది. చిన్న పీపాలో 9 గాలన్లు, అంటే సుమారు 41 లీటర్లు. గ్లాసు పుల్లగా అనిపిస్తే మొహమాటం లేకుండా వెనక్కివ్వండి, మంచి పబ్బులో మాట్లాడకుండా మార్చేస్తారు.

బీరులో చేప కలుస్తుందట, మేం శాకాహారులం!

చాలా పబ్బుల్లో ఇప్పటికీ నిజమే. మసక తేరడానికి ఐసింగ్లాస్ అనేది వేస్తారు, అది చేపల గాలితిత్తి నుంచి తీసినది. ఈస్టుని అంటిపెట్టుకుని పీపా అడుక్కి దించేస్తుంది. గ్లాసులోకి వచ్చేది దాదాపు ఉండదు, కానీ పట్టింపు ఉన్నవాళ్లకి ‘దాదాపు’ సరిపోదు. వేగన్ అని రాసిన బీరు అడగండి, మసకగా ఉండేవి ఇప్పుడు ఫ్యాషన్ కాబట్టి తేలిగ్గానే దొరుకుతాయి.

ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) అనే బీరు పేరులో ‘ఇండియా’ మన ఇండియానేనా?

మనదే. మద్రాసు, కలకత్తా, బొంబాయిల్లోని ఇంగ్లిష్ దొరల కోసం ఓడల్లో పంపిన, హాప్స్ దట్టంగా వేసిన పాలిపోయిన రంగు బీరు. లండన్‌లో ఈస్టిండియా కంపెనీ ఓడలు ఆగే చోటికి దగ్గర్లో హాడ్జ్‌సన్ బ్రూవరీ ఉండేది, ఓడ అధికారులకి అప్పు మీద సరుకిచ్చి ఆ వ్యాపారం పట్టేసింది. 1820లలో బర్టన్‌కి చెందిన ఆల్సొప్ రంగంలోకి దిగాడు, అక్కడి జిప్సం ఉన్న నీళ్లు ఆ బీరుకి బాగా కుదిరాయి. హాడ్జ్‌సన్ దాన్ని కనిపెట్టాడన్నది మాత్రం కట్టుకథ, అలాంటి బీరు ముందే ఉంది. ఇంకో సంగతి, బ్రిటిష్ సిపాయిలకి వచ్చింది ఎక్కువగా నల్లటి పోర్టరు, ఐపీఏ ఆఫీసర్ల సరుకు. తర్వాత ఇండియాలోనే కాచడం మొదలుపెట్టారు, దక్షిణాదిలో అలాంటి కొన్ని బ్రూవరీలని కలిపి 1915లో పెట్టిందే యునైటెడ్ బ్రూవరీస్.

మేం తాగం, పిల్లలున్నారు. వెళ్లొచ్చా?

నిక్షేపంగా. పెద్దవాళ్లతో ఉంటే చాలా పల్లె పబ్బుల్లో పిల్లలకి అభ్యంతరం ఉండదు, కొన్నిచోట్ల రాత్రి అయ్యాక వద్దంటారు, గుమ్మం దగ్గర అడిగేయండి. టేబుల్ దగ్గరికి ఎవరూ రారు, కౌంటర్ దగ్గరికి మీరే వెళ్లాలి. వరస కనపడదు కానీ ఉంటుంది, మీకంటే ముందు ఎవరొచ్చారో మీరే గుర్తుపెట్టుకోవాలి. ఒక నిమ్మ సోడా తీసుకుని గంట కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు.

ఆ బీరు ఇంటికి, ఇండియాకి తెచ్చుకోవచ్చా?

పీపా బీరు కుదరదు, సీసాలో పోయించుకున్నా ఒకట్రెండు రోజులే. అదే బ్రూవరీ సీసాల్లో నింపినది కొనండి, అడుగున ఈస్టు మడ్డి ఉంటే కదపకుండా వంపుకోవాలి. విమానంలో చెకిన్ బ్యాగులో బట్టలు చుట్టి పెట్టుకోండి, ఇండియాలో దిగాక సుంకం లేకుండా మనిషికి రెండు లీటర్ల దాకా ఏ మద్యమైనా తెచ్చుకోవచ్చు, అంటే అర లీటరు సీసాలు నాలుగు.